సమర్ఖంద్ నుంచి గోల్కొండ దాకా... నిజాంల దాదా ఖ్వాజా ఆబిద్

నిజాం అనగానే మనకు చౌమహల్లా, వజ్రాలు, ఉస్మానియా గుర్తొస్తాయి. కానీ ఆ ఖాందాన్ షజరా పట్టుకుని పైకి వెళితే అది హైదరాబాద్‌లో మొదలవదు, సమర్ఖంద్ దగ్గర తేలుతుంది. మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌కు దాదా అయిన ఖ్వాజా ఆబిద్ అక్కడివారే. తండ్రి ఆలం షేక్ పేరున్న ఆలిం. షేక్ షహాబుద్దీన్ సుహ్రవర్దీ మీదుగా తమ వంశం హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి.) దాకా వెళ్తుందని ఆ కుటుంబం చెప్పుకునేది.

షాజహాన్ కాలంలో ఖ్వాజా ఆబిద్ హజ్‌కు బయల్దేరి, దారిలో హిందుస్తాన్ వచ్చారు. దర్బారులో మర్యాద దక్కింది. హజ్ చేసుకుని తిరిగొచ్చి, అప్పటికి దక్కన్‌లో ఉన్న షాజాదా ఔరంగజేబు కొలువులో చేరారు. తఖ్తు కోసం అన్నదమ్ముల మధ్య జరిగిన యుద్ధంలో ఆయన పక్షానే నిలిచారు. తర్వాత సదర్ పదవి వచ్చింది. ఆలింలకు, పేదలకు ఇచ్చే ఇనాం భూములు, వజీఫాలు చూసే పని అది. ఆలిం కొడుక్కి తగిన పనే కదా! అజ్మీర్, ముల్తాన్ సుబేదారీలు కూడా చేశారు. ఖిలిచ్ ఖాన్ అనే బిరుదూ దక్కింది. తుర్కీలో ఖిలిచ్ అంటే కత్తి.

1687లో గోల్కొండ ముట్టడి. కోట మీంచి వచ్చిన గుండు తగిలి ఆయన చెయ్యి తెగిపోయింది. హకీములు ఎముక ముక్కలు ఏరుతుంటే, ఆయన పక్కవాళ్లతో మాట్లాడుతూ రెండో చేత్తో కాఫీ తాగారని అప్పటి చరిత్రకారులు రాశారు. కొద్ది రోజులకే ఇంతకాల్ అయ్యారు.

హైదరాబాదీలకు ఇక్కడే కాస్త ఇబ్బంది. నిజాంల దాదా ఈ నేలకు పాలకుడిగా రాలేదు, కుతుబ్‌షాహీల కోటను పడగొట్టడానికి వచ్చిన ఫౌజులో వచ్చారు. సెప్టెంబరులో కోట పడింది. తానీషాను దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు, మళ్లీ ఆయన గోల్కొండ చూడలేదు. ఇదేమీ దాచాల్సిన సంగతి కాదు, కానీ మన ఇళ్లలో దీన్ని చెప్పుకునేవాళ్లు తక్కువ.

కొడుకు గాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్ కూడా ఔరంగజేబు సేనానే. తర్వాత చూపు పోయినా కొలువు మానలేదు. ఢిల్లీ అజ్మీరీ గేట్ దగ్గరి మదర్సా ఆయన పేరు మీదిదే, ఖబర్ కూడా అక్కడే ఉంది. మనవడు ఖమరుద్దీన్ 1724లో దక్కన్ పాలన చేతికి తీసుకున్నారు. ఆ వంశం 1948 దాకా ఏలింది.

ఖ్వాజా ఆబిద్ మజార్ హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఉంది. ఆ చెరువుకు పెట్టిన పేరు ఆయన వంశంలోనే పుట్టిన ఓ షాజాదాది.