యెల్లాప్రగడ సుబ్బారావుగారు

బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, తీపి యనిన నేటికిని మనకా సీమయే స్ఫురించును. తిన్న తీపి దేహమున బలముగా మారు విధమును లోకమునకు దెలిపినవారిలో నొక తెలుగువాడు కలడు.

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన సోదరు లిరువురు స్ప్రూ యను జీర్ణరోగమునకు బలియైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గురియగుటచే, ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. 1922లో అమెరికాకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. అచ్చట ఫిస్కే పండితునితో గూడి 1929లో కండరములయందు ఏ.టీ.పీ. యను పదార్థమును గనుగొనిరి. చక్కెర గాదెలోని ధాన్యమైనచో, ఏ.టీ.పీ. చేతిలోని రొక్కము. మానవుడు మొదలు బాక్టీరియా వరకు సకలజీవులును దానినే వ్యయించి బ్రదుకుచున్నవి.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ ఔషధసంస్థలో చేరి, పిదప పరిశోధనల కధిపతులైరి. ఒక జాతి బాక్టీరియా పెంపునకు గావలసిన ఫోలిక్ ఆమ్లమును వారి బృందము కాలేయమునుండి వేరుచేసి, కృత్రిమముగను తయారుచేసెను. సోదరులను హరించిన స్ప్రూకు అదియే ఔషధమయ్యెను. 1947లో బోదకాలు పురుగును దునుము హెట్రజాను వెలువడెను. 1948లో, మంటిలోని సూక్ష్మజీవినుండి డగ్గరు పండితుడు సాధించిన ఆరియోమైసిను లోకమున కందెను. టెట్రాసైక్లీను మందుల కుటుంబమునకు అదియే తొలిబిడ్డ.

ఈ రెండు మందులకును గల చుట్టరికమును ఆయన యెరుగకయే 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూసిరి. 1924లో హార్వర్డు పండితులు దోమల కణములలో వోల్బాకియా యను బాక్టీరియాను గనుగొనిరి. దాని జ్ఞాతియే బోదకాలు పురుగులోను కాపురముండి దానిని పోషించుచున్నదని ఆ శతాబ్దాంతమునగాని తేలలేదు. టెట్రాసైక్లీను కుటుంబపు మందుతో ఆ బాక్టీరియాను నిర్మూలించిన, పురుగు గొడ్డువోయి క్రమముగ చచ్చును. ఒక మందు పురుగును గొట్టగా, మరియొకటి దాని యింటి చుట్టమును గొట్టినది.

నిజామాబాదు జిల్లాలో బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. ఖద్దరు గట్టినందుకు తగ్గింపబడిన పట్టము ఆయన విద్యను తగ్గింపజాలలేదు. మాతృభూమికి మరల రాని బిడ్డ మాత్రయై మన గడప త్రొక్కినాడు. ఆ మాత్రతోపాటు ఆ పేరును గూడ మన బాలుర కందించుట మన విధి.