పెర్కిన్ దగ్గర మిగిలిన నలుపు

విలియం హెన్రీ పెర్కిన్ 1838లో లండన్‌లో పుట్టాడు. 1856 ఈస్టర్ సెలవుల్లో, 18 ఏళ్లప్పుడు, మలేరియా మందు క్వినైన్ చేద్దామని ఇంట్లోనే అనిలీన్ సల్ఫేటులో పొటాషియం డైక్రోమేట్ కలిపాడు. నల్లటి మడ్డి వచ్చింది. మనమైతే సింకులో పోసేవాళ్లం! అతను ఆల్కహాలు పోస్తే ఊదారంగు దిగింది. దానితో ఫ్యాక్టరీ పెట్టి, 36 ఏళ్లకే అమ్మేసి, మళ్లీ పరిశోధనకొచ్చాడు. 1907లో పోయాడు.

నందిగామలో అనిలీన్ ప్రయోగం చేసిన నాకు మాత్రం ఆ మిగిలిన నలుపే ఇష్టం. అది పాలీఅనిలీన్‌కి దగ్గరి చుట్టం. పీహెచ్ సుమారు 2 లోపుంటే అనిలీన్ అణువులు వరసగా కలిసి పొడవాటి గొలుసవుతాయి, కరెంటు పారుతుంది. ఆమ్లం తగ్గితే మొదట్లోనే పొట్టి ముక్కలు వలయాలుగా ముడిపడతాయి. గోధుమరంగే తప్ప కరెంటు ఉండదు. పెర్కిన్ ఊదా కూడా నాలుగు అణువులు అలా ముడిపడిన పొట్టి ముక్కే.

ఫ్రెండ్స్, మడ్డి పారబోసే ముందు పీహెచ్ రాసుకోండి.