సేవకు శాస్త్రరూపం ఇచ్చిన నైటింగేల్

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినగానే అర్ధరాత్రి వేళ చేతిలో దీపంతో క్షతగాత్రుల మంచాల నడుమ సంచరించే కరుణామూర్తి కళ్ళ ముందు మెదులుతుంది. ఆ దీపపు వెలుగు చాటున ఆమెకు మరో రూపం కూడా ఉంది. అది గణాంకవేత్త రూపం. రోగికి చేసిన సేవను, ఆ సేవవల్ల కలిగిన ఫలితాన్ని ఒక పద్ధతి ప్రకారం వర్గీకరించి లెక్కించాలని పట్టుబట్టిన వారిలో ఆమె అగ్రగణ్యురాలు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల దంపతులకు జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పేరయింది. తండ్రి విలియం ఆమెకు భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రం స్వయంగా బోధించాడు. గణితం పట్ల ఆమెకు చిన్ననాటి నుండి మక్కువ ఎక్కువ. రోగులకు సేవ చేయాలన్నది ఆమె కోరిక. ఆ రోజులలో నర్సు వృత్తికి సంఘంలో గౌరవం లేనందువల్ల కుటుంబం అందుకు అంగీకరించలేదు. ఆమె ఏళ్ల తరబడి పట్టు విడువక, 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ పొందింది. 1853లో లండన్‌లోని ఒక చిన్న మహిళా వైద్యశాలకు పర్యవేక్షకురాలయింది.

1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన బ్రిటిష్ సైనికుల దుస్థితి పత్రికలలో వెల్లడయింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మేరకు ఆమె 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరులో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరుకుంది. అక్కడ భవనం కింద మురుగు నిలిచి ఉంది. దుప్పట్లకు, సబ్బుకు, ఆహారానికి కొరత. గాయాలకన్న కలరా, విరేచనాలు, విషజ్వరాలే ఎక్కువమందిని బలిగొన్నాయి. 1855 ఫిబ్రవరిలో మరణాలు నూటికి 42కు మించాయి. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగుకాలువలను శుభ్రపరచి, గాలి ధారాళంగా ప్రసరించే ఏర్పాట్లు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి సుమారు రెండుకు తగ్గాయి.

అక్కడ ఆమెను కలచివేసిన విషయం మరొకటి ఉంది. మరణాల నమోదుకు మూడు వేరు వేరు రిజిస్టర్లు ఉండేవి. ఒకదాని లెక్క మరొకదానితో సరిపోయేది కాదు. ఎందరు, ఏ కారణంతో మరణించారో తెలియనప్పుడు మరణాలను నివారించడం ఎలా సాధ్యం? ఈ ప్రశ్న ఆమెను జీవితాంతం వెంటాడింది.

1856లో స్వదేశానికి తిరిగివచ్చిన ఆమె గణాంకవేత్త విలియం ఫార్ సహాయంతో సైనిక మరణాలను మూడు తరగతులుగా విభజించింది. నివారింపదగిన వ్యాధులవల్ల కలిగినవి, గాయాలవల్ల కలిగినవి, ఇతర కారణాలవల్ల కలిగినవి. వీటిని నెలలవారీగా రంగుల వృత్తచిత్రాలలో చూపించింది. అంకెల పట్టికలను చదవని పాలకులకు కూడా ఆ చిత్రాలు సత్యాన్ని తెలియజేశాయి. లండన్ గణాంక సంఘం 1858లో ఆమెను తన తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకున్నది.

తరువాత ఆమె దృష్టి సాధారణ వైద్యశాలల మీదికి మళ్ళింది. ఒకే వ్యాధిని ఒక్కొక్క వైద్యశాల ఒక్కొక్క పేరుతో నమోదు చేసేది. అందువల్ల ఒకదాని ఫలితాన్ని మరొకదానితో పోల్చడానికి వీలులేకపోయింది. ఆమె ఫార్ వర్గీకరణ ఆధారంగా అన్ని వైద్యశాలలకు ఉమ్మడి పట్టికలను రూపొందించింది. సంవత్సరారంభంలో ఉన్న రోగులు, కొత్తగా చేరినవారు, స్వస్థత పొందినవారు, నయంకాక వెళ్ళినవారు, మరణించినవారు, సంవత్సరాంతంలో మిగిలినవారు, సగటున చికిత్స పొందిన రోజులు - వీటిని వ్యాధుల వారీగా నింపాలి. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ఈ పథకాన్ని ఆమోదించింది. కొన్ని లండన్ వైద్యశాలలు దీనిని ఆచరణలో పెట్టాయి. కాని పట్టికలు నింపడానికి శ్రమ, వ్యయం అధికమయ్యాయి. వ్యాధుల వర్గీకరణపై వైద్యులలో ఏకాభిప్రాయం కుదరలేదు. కొద్దికాలానికే ఆ ప్రయత్నం ఆగిపోయింది.

నర్సు పని ఏమిటో నిర్వచించడంలో మాత్రం ఆమె కృషి నిలిచింది. మందులు ఇవ్వడం, కట్లు కట్టడం మాత్రమే సేవ కాదని, స్వచ్ఛమైన గాలి, వెలుతురు, పరిశుభ్రత, నిశ్శబ్దం, తగిన ఆహారం సమకూర్చి రోగి శక్తిని కాపాడడమే సేవ అని తన రచనలో వివరించింది. 1860లో లండన్ సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె పేరిట శిక్షణాలయం ప్రారంభమయింది. అక్కడ ప్రతి విద్యార్థినికి నెలనెలా ఒక నివేదికా పత్రం ఉండేది. సమయపాలన, నమ్మకస్తత, కట్లు కట్టడంలో నేర్పు, పథ్యపు వంట, రోగిని గమనించే శక్తి మొదలైన అంశాలలో ఆమె ప్రగతిని విడివిడిగా నమోదు చేసేవారు.

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలన్నింటికీ ఒకే ప్రశ్నావళిని పంపి సమాధానాలు తెప్పించింది. ఇక్కడి బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది వంతున మరణిస్తున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక వెల్లడించింది. పారిశుద్ధ్య లోపమే ఇందుకు ముఖ్యకారణమని ఆమె వాదించింది. కరవుల నివారణకు నీటిపారుదలే మార్గమని నమ్మి, గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ ఆశయాలను సమర్థించింది.

అనారోగ్యం ఆమెను దీర్ఘకాలం మంచానికే పరిమితం చేసింది. అయినా కలం మాత్రం ఆగలేదు. 1907లో బ్రిటిష్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయింది. 1910 ఆగస్టు 13న తన 90వ ఏట లండన్‌లో కన్నుమూసింది.

ఆమె జీవితకాలంలో ఆగిపోయిన ప్రయత్నం వృథా కాలేదు. వ్యాధులకు అంతర్జాతీయ వర్గీకరణ తరువాతి కాలంలో స్థిరపడింది. నర్సులు గుర్తించే సమస్యలను, చేసే సేవలను, రోగిలో కలిగే మార్పులను ప్రామాణిక పదాలతో వర్గీకరించే పద్ధతులు 1970ల నుండి రూపుదిద్దుకున్నాయి. నమోదుకాని సేవకు గుర్తింపు ఉండదు, లెక్కకు అందని లోపానికి దిద్దుబాటు ఉండదు. ఆమె జన్మదినమైన మే 12ను ప్రపంచమంతా నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నది. దయకు వివేకం తోడైనప్పుడే అది ప్రాణాలను నిలబెడుతుందన్నది ఆమె జీవితం అందించే సందేశం.