జలకోవిదుడు విశ్వేశ్వరయ్య

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఏడాది పొడవున పారెడి పెద్ద నది లేదు. వానకాలమున మాత్రమే పొంగెడి ఏళ్ళును, వంకలును, పూర్వులు కట్టించిన చెరువులును ఆ సీమకు ఆధారము. ఎగువ చెరువు నిండి మొరవ పారినచో ఆ నీరు దిగువ చెరువునకు చేరును. అది నిండిన పిమ్మట దాని క్రింది చెరువునకు పోవును. ఇట్లు ఒకదానితో నొకటి ముడిపడి యుండుటచే వీనిని గొలుసుకట్టు చెరువులందురు. ఈ ఏర్పాటులో గొప్ప మేలు కలదు; గొప్ప అపాయమును కలదు. ఎగువ కట్టకు గండి పడినచో ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా దిగువ కట్టపై విరుచుకొని పడును. కుండపోత వానను ఆపుట మానవునకు సాధ్యము కాదు. కట్టను కాపాడుట మాత్రము అతని చేతిలోని పనియే. ఈ సత్యమును లెక్కలతో నిరూపించి, దానికి తగిన ఉపాయమును చూపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

చిత్తూరు సీమకు పడమటి పొరుగున కర్ణాటక రాష్ట్రమున నంది కొండలు కలవు. పెన్నానది పుట్టుక ఆ కొండలలోనే. వాని చెంతనున్న ముద్దెనహళ్ళి యను పల్లెలో 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్య జన్మించెను. ఆయన తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. వారిది తెలుగు కుటుంబము. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి తరలి వెళ్ళినవారగుటచే ఆ ఊరి పేరే వారి యింటిపేరయ్యెను. బాల్యముననే తండ్రి మరణించుటచే కుటుంబము కష్టముల పాలయ్యెను. మేనమామ ప్రాపున విశ్వేశ్వరయ్య బెంగుళూరు చేరి, ఇతరుల పిల్లలకు చదువు చెప్పి, ఆ ఆదాయముతో తాను చదువుకొనెను.

ఆయన విద్యార్థిగా నున్న దినములలోనే, 1876–78 సంవత్సరములలో, ధాత కరువు దక్షిణదేశమును పట్టి పీడించెను. మైసూరు సంస్థానమును, కడప, బళ్ళారి, కర్నూలు, ఉత్తరార్కాడు జిల్లాలును అలమటించెను. చిత్తూరు ఆ కాలమున ఉత్తరార్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము. వానలు తప్పుట దైవికమే. అయినను ఆకలితో జనులు కూలుచుండగనే దేశమునుండి ధాన్యము ఓడల కెక్కి పరదేశములకు పోవుచుండెను. ధరలు కూలివానికి అందనంతగా పెరిగెను. కరువు పనులకు వచ్చిన వారి కూలిని సర్కారు పొదుపు పేరిట తగ్గించెను. ఇందుచే వానలేమి వలన కలిగిన కీడు పలురెట్లు పెరిగి లక్షలాది ప్రాణములను బలిగొనెను.

1881లో విశ్వేశ్వరయ్య బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. మైసూరు ప్రభుత్వ మిచ్చిన విద్యార్థి వేతనముతో పూనా చేరి ఇంజనీరింగు చదివి, 1883లో బొంబాయి రాజధాని యంతటికిని ప్రథముడుగా నిలిచెను. వెంటనే బొంబాయి ప్రభుత్వము ఆయనకు ఇంజనీరు ఉద్యోగ మొసగెను. కాలువలు, జలాశయములు, పట్టణములకు మంచినీటి వసతులు ఆయన పనులు. ఏ పనినైనను స్వయముగా కొలిచి, లెక్క కట్టి, అటుపిమ్మటనే నిర్ణయము చేయుట ఆయనకు అలవాటు.

పూనా సమీపమునందలి ఖడక్‌వాస్లా జలాశయమున 1903లో ఆయన కల్పించిన తలుపులు అమర్చబడెను. జలాశయమున నీరు ఏర్పరచిన మట్టమును దాటగనే ఆ తలుపులు తమంతట తామే తెరచుకొని అదనపు నీటిని విడిచిపెట్టును. మట్టము తగ్గగనే మరల మూసికొనును. అర్ధరాత్రివేళ వరద వచ్చినను, కావలివాడు నిద్రపోయినను, కట్టకు ముప్పు రాకుండుటకు ఈ ఉపాయము తోడ్పడెను. మనుష్యుని ఏమరుపాటును ముందుగనే లెక్కలోనికి తీసికొని పని చేయుట విశ్వేశ్వరయ్య నేర్పరితనము.

1908లో ఆయన ఆ కొలువు చాలించి విదేశములలో పర్యటించుచుండెను. ఆ సమయముననే హైదరాబాదు నగరమునకు ఘోరవిపత్తు వాటిల్లెను. సెప్టెంబరు చివరివారమున మూసీనది ఎగువ ప్రాంతములలో కనివిని యెరుగని వాన కురిసెను. శంషాబాదున ఒక్క దినములో సుమారు 13 అంగుళముల వర్షము పడెను. 28వ తేదీన వేకువజామున మూసీ గట్లు తెంచుకొని నగరముపై పడెను. నదిపై నున్న నాలుగు వంతెనలలో మూడు ధ్వంసమయ్యెను. పురానాపూల్ ఒక్కటి మాత్రమే నిలిచెను. సుమారు 19,000 ఇండ్లు కూలిపోయెను. మరణించినవారు 15,000 మంది వరకు ఉందురని అంచనా. నాడు వైద్యశాల ఆవరణములోని యొక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో తరువాతి తరములకును ఆ వరదను గుర్తుచేసెను.

నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యను ఆహ్వానించెను. ఆయన 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి పరిశోధన ఆరంభించెను. వరద దైవకోపమని నలుగురితో పాటు అనుకొని ఆయన ఊరకుండలేదు. ఎంత వాన కురిసెను, ఆ నీరు ఏ దారిన వచ్చెను, ఎక్కడ ఎంతసేపు నిలిచెను అని వెదకెను. మూసీకి నీరు చేర్చు ప్రదేశమున 788 చెరువులుండెను. అనగా ఇంచుమించు చదరపు మైలునకు ఒకటి. వానిలో 221 చెరువులకు గండ్లు పడెను. ఎగువ చెరువు తెగి దాని నీరు దిగువ చెరువుపై పడ, ఆ రెండింటి నీరు మూడవదానిపై పడ, ఇట్లు గొలుసంతయు తెగి వరద ఉప్పెనవలె నగరమును చేరెను. ఆ ప్రవాహము సెకనునకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన లెక్కించెను. నది యొడ్డుననే, వరద పారవలసిన చోట్లనే, జనులు క్రిక్కిరిసి ఇండ్లు కట్టుకొని యుండుట నష్టమును మరింత పెంచెను. వాన ప్రకృతి యిచ్చినది. బలహీనమైన కట్టలు, నదిదారికి అడ్డమైన ఇండ్లు మనుష్యులు ఏర్పరచినవి.

వ్యాధి తెలిసిన పిమ్మట మందు చెప్పుట సులభమయ్యెను. నగరములో గోడలు ఎత్తు చేసినంత మాత్రమున చాలదు. వరద నగరమును చేరకముందే ఎగువన పట్టి నిలుపవలెను. మూసీపై నొకటి, దాని ఉపనదియైన ఈసీపై నొకటి, రెండు పెద్ద జలాశయములు కట్టవలెను. వానిలో వరదనీరు పట్టుటకు కొంత చోటు ఎల్లప్పుడును ఖాళీగా నుంచవలెను. నది యొడ్డులను బాగుచేసి, అచ్చట తోటలును, బాటలును ఏర్పరుపవలెను. మురుగునీటి కాలువలు నిర్మింపవలెను. ఆయన ప్రణాళిక ననుసరించి తరువాతి ఇంజనీర్లు పని సాగించిరి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియయ్యెను. ఆ జలాశయములు నగరమును వరదనుండి కాపాడుటయే గాక ఎన్నియో దశాబ్దములు నగరవాసుల దాహమును తీర్చెను.

1909లోనే ఆయన మైసూరు సంస్థానమున ప్రధాన ఇంజనీరయ్యెను. కావేరీనదిపై కృష్ణరాజసాగర నిర్మాణమునకు పూనుకొనెను. 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండి విద్యాశాలలు, పరిశ్రమలు, మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయము నెలకొల్పుటకు కారకుడయ్యెను. ఆయన ప్రతిభ తిరుమలకును ఉపయోగపడెను. 1944లో వాహనములకు తెరువబడిన మొదటి ఘాట్ రోడ్డు రూపకల్పనలో ఆయన తోడ్పాటు కలదు. శేషాచలపు వాలులందు బాట వేయువారు కొండనీటికి దారి విడువవలెను. లేనిచో మొదటి పెద్దవానకే బాట జారిపోవును. 1955లో భారత ప్రభుత్వము ఆయనను భారతరత్న బిరుదముతో గౌరవించెను. నూరేండ్ల నిండు జీవితము గడపి ఆయన 1962 ఏప్రిలులో పరమపదించెను. పుట్టిన ఊరైన ముద్దెనహళ్ళిలోనే అంత్యక్రియలు జరిగెను.

మహనీయుని కీర్తించుట సులభము. ఆయన చూపిన బాటను నడచుట కష్టము. కాలక్రమమున హైదరాబాదులో అనేక చెరువులు పూడిపోయెను. వాని శిఖములందు ఇండ్లు వెలసెను. నీరు పోవు కాలువలు ఇరుకయ్యెను. 2020 అక్టోబరులో కురిసిన పెనువానకు కొన్ని చెరువుల కట్టలు తెగి నగరపు కాలనీలు మునిగెను. మరుసటి యేడు, 2021 నవంబరులో, రాయలసీమ దక్షిణభాగమునకు అట్టి దినమే వచ్చెను. తిరుపతి వీథులు ఏరులయ్యెను. చిత్తూరు సీమనుండి దిగి వచ్చి చెయ్యేటిలో కలియు పింఛానదిపై నున్న జలాశయపు కట్ట తెగెను. ఆ నీరంతయు దిగువన రాజంపేట సమీపమునందలి అన్నమయ్య జలాశయముపై పడెను. దానికి గల అయిదు తలుపులలో ఒకటి అప్పటికే పాడైపోయి తెరచుకొనని స్థితిలో నుండెను. నవంబరు 19వ తేదీ వేకువన మట్టికట్ట కొట్టుకొనిపోయెను. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలగు గ్రామములు వరద పాలయ్యెను. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1908లో మూసీ చెప్పిన పాఠమే ఇది. ఎగువకట్ట తెగి దిగువకట్టను తెంచెను. తానై తెరచుకొను తలుపును కల్పించిన వాని దేశముననే, తెరువవలసిన తలుపు తెరచుకొనలేదు.

పూర్వము పల్లెలలో నీరుగంటివాడు వానరాత్రులందు చెరువు కట్టమీద తిరుగుచు, ఎక్కడ చెమ్మ ఊరినను గ్రామమునకు తెలుపుచుండెడివాడు. కుడిమరామత్తు పేరిట ఇంటికొకరు వచ్చి పూడిక తీసి, కట్టకు మట్టి వేయుచుండిరి. విశ్వేశ్వరయ్య తన శాస్త్రముతో కోరినదియు అట్టి శ్రద్ధయే. ఆ శ్రద్ధ మేలుకొన్నచోట ఫలితమును కనబడెను. అదే 2021 నవంబరులో తిరుపతి సమీపమునందలి రాయలచెరువు కట్టనుండి నీరు ఊరుట కాననయ్యెను. వెంటనే దిగువ గ్రామముల జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. ఇసుక బస్తాలు పేర్చి, ఇంజనీర్లు రేయింబవళ్ళు కాచి, కట్టను బలపరచిరి. కట్ట నిలిచెను.