సీసాలో వనము

లండను నగరపు తూర్పు భాగమున, ఓడరేవుల చెంత, వెల్‌క్లోజ్ స్క్వేరు అను పేట యొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ పేటవారికి నిర్మలమైన ఆకాశము కనబడుట యరుదు. చుట్టును కర్మాగారములు. ప్రతి యింటను బొగ్గుపొయ్యి. మిట్టమధ్యాహ్నమున సైతము పొగ వీథులపై దుప్పటి కప్పినట్లు నిలిచియుండెడిది. ఆరవేసిన బట్టలు నల్లబడెడివి. కిటికీలపై మసి పేరుకొనెడిది. కూలివాండ్రును నావికులును క్రిక్కిరిసి నివసించు ఆ పేటలో నథానియెల్ బాగ్‌షా వార్డు అను వైద్యుడు కాపురముండెను. రోగుల నడుమ ప్రొద్దు పుచ్చుచున్నను ఆయన మనసు ఎల్లప్పుడును పచ్చని మొక్కలయందే యుండెను.

వార్డు 1791వ సంవత్సరమున లండనులో జన్మించెను. తండ్రియు వైద్యుడే. పదుమూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు ఓడనెక్కి జమైకా ద్వీపమునకు ప్రయాణమై పోయెను. అచ్చటి అడవులలో తాటిజాతి వృక్షములను, ఈకలవంటి ఆకులు గల ఫెర్ను మొక్కలను చూచి ముగ్ధుడయ్యెను. ఓడ యెక్కునప్పుడు నావికుడు కావలెనని కోరిక యుండెనో లేదో కాని, దిగునప్పటికి మాత్రము మొక్కల పిచ్చి పట్టుకొనెను. తరువాత లండనులో వైద్యవిద్య నభ్యసించి, తండ్రివలెనే వృత్తిలో ప్రవేశించెను. తెల్లవారకముందే లేచి, రోగులు వచ్చు వేళకు మరల ఇల్లు చేరునట్లుగా ఊరి వెలుపలి పొలములకు పోయి మొక్కలు సేకరించుట ఆయనకు అలవాటు.

తన యింటి పెరటిలో ఒక చిన్న కొండవంటిది కట్టి, దానిపై ఫెర్నులను, నాచుమొక్కలను పెంచవలెనని ఆయన చిరకాలపు కోరిక. రాళ్లు పేర్చెను. వానిమీదుగా నీరు మెల్లమెల్లగా జారునట్లు గొట్టమమర్చెను. అడవులనుండి మొక్కలు తెచ్చి నాటెను. కాని పొగముందర ఆయన శ్రమ యేమియు నిలువలేదు. ఆకులపై మసి పేరుకొని, మొక్కలు ఒకదాని వెంట ఒకటిగా ఎండిపోయెను. మరల తెచ్చి నాటిన, మరల నదే గతి. తుదకు విసిగి ఆ ప్రయత్నమును మానుకొనెను.

1829వ సంవత్సరమున వేసవిలో వార్డు వేరొక పనిలో నుండెను. స్ఫింక్సు అను పెద్ద రాత్రిపురుగు ప్యూపా దశనుండి రెక్కలతో వెలువడుటను చూడగోరి, ఆ ప్యూపాను ఒక వెడల్పు మూతి గాజుసీసాలో తడిమన్ను క్రింద కప్పి, మూత పెట్టి, దినదినమును పరిశీలించుచుండెను. పగటివేడికి మంటిలోని తేమ ఆవిరియై పైకి లేచి, గాజుగోడలపై బిందువులుగా నిలిచి, సాయంకాలమునకు జారి మరల మంటిలో చేరుచుండుట ఆయన కంటబడెను. మన్ను ఎన్నటికిని పొడిబారలేదు. పురుగు వెలువడుటకు వారము దినములు ముందుగా, ఆ మంటిపై రెండు పచ్చని మొలకలు తలయెత్తెను. ఒకటి గడ్డి. రెండవది ఫెర్ను!

ఏ ఫెర్నుకొఱకై ఆయన పెరటిలో ఏండ్లతరబడి ప్రయాసపడెనో, అదియే అడుగకుండ, నాటకుండ, సీసాలో మొలచినది. ఆ పురుగు సంగతి నేడెవరికిని జ్ఞాపకము లేదు. సామాన్యుడైనచో మంటిలో కలుపు మొలచినదని పీకి పారవేసియుండును. వార్డు అట్లు చేయక, పెరటిలో చచ్చిన మొక్క సీసాలో ఏల బ్రతికెనని ఆలోచించెను. తేమ గల గాలి, వెలుతురు, మసి సోకకుండుట: ఈ మూడును సీసాలో కలవు, పెరటిలో లేవు. సీసాను తన గది కిటికీ వెలుపల నుంచెను. ఇంచుమించు నాలుగేండ్లు ఆ మొక్కలు ఒక్క చుక్క నీరు పోయకయే బ్రతికెను. గడ్డి ఒకసారి పుష్పించెను. ఫెర్ను ఏటేట క్రొత్త ఆకులు వేసెను. ఆయన ఊరలేని సమయమున మూత త్రుప్పుపట్టి చిల్లిపడి, వాననీరు లోనికి దిగుటచే అవి చనిపోయెను. నీరు లేకయే నాలుగేండ్లు బ్రతికిన మొక్కలు నీరెక్కువై చచ్చుట చిత్రము కదా!

ఇందలి మర్మము మీరు పాఠములలో చదివినదే. ఆకులనుండియు మంటినుండియు లేచిన ఆవిరి బయటికి పోవుటకు వీలులేక నీరై దిగును. పగలు మొక్క బొగ్గుపులుసు గాలిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. మంటిలో కుళ్లు ఆకులనుండి బొగ్గుపులుసు గాలి మరల పుట్టును. అంతమాత్రమున ఆ సీసా లోకముతో పూర్తిగా సంబంధము తెంచుకొన్నదని తలపరాదు. మూతసందులగుండ గాలి మెల్లగా వచ్చిపోవుచునే యుండునని వార్డు స్పష్టముగా చెప్పియుండెను. మసిమాత్రము లోనికి రాదు. తేమ వెలుపలికి త్వరగా పోదు.

ఆయన వడ్రంగులచేత కఱ్ఱచట్రములకు గాజుపలకలు బిగించిన పెట్టెలు చేయించెను. ఇల్లంతయు పెట్టెలతో నిండెను. హాక్నీలో మొక్కల వర్తకముచేయు జార్జి లోడిజెస్ ఆయనకు తోడ్పడెను. ఈ లోడిజెస్ దూరదేశములనుండి ఓడలలో మొక్కలు తెప్పించువాడు. ఓడమీద మొక్కలపాట్లు చెప్పనలవి కాదు. పైతట్టున నుంచిన ఉప్పునీటి తుంపరలు. క్రింద నుంచిన చీకటి. త్రాగుటకే చాలని మంచినీరు మొక్కలకెవరు పోయుదురు? ఇరువది మొక్కలు బయలుదేరినచో పందొమ్మిది చచ్చి, ఒక్కటి ఇల్లు చేరుట ఆయన అనుభవము.

సీసాలో నిలిచినది సముద్రముమీద నిలుచునా? 1833వ సంవత్సరమున వార్డు రెండు పెట్టెలలో ఫెర్నులు, నాచులు, గడ్డి నాటించి, చార్లెస్ మాలర్డు అను కప్తానుగారి ఓడలో ఆస్ట్రేలియాకు పంపెను. కొద్ది ఫెర్నులు వాడిపోవుట తప్ప తక్కిన మొక్కలన్నియు సుఖముగా చేరెను. అసలు పరీక్ష తిరుగు ప్రయాణమున జరిగెను. 1834 ఫిబ్రవరిలో సిడ్నీయందు అక్కడి మొక్కలతో ఆ పెట్టెలను నింపిరి. ఓడ హారన్ అగ్రమును చుట్టివచ్చునప్పుడు ఉష్ణమానము ఫారన్‌హీటు 20 డిగ్రీలకు దిగి, ఓడ పైతట్టున అడుగు మందమున మంచు పడెను. భూమధ్యరేఖను దాటునప్పుడు 120 డిగ్రీలకు ఎక్కెను. పెట్టెలు ఆసాంతము ఓడ పైతట్టుననే యుండెను. నీరు ఒక్కమారైనను పోయలేదు. ఎనిమిది నెలల పిదప, నవంబరులో ఓడ లండను చేరగా, వార్డును లోడిజెస్సును రేవునకు పోయి ఆత్రముతో చూచిరి. మొక్కలు పచ్చగా నవనవలాడుచుండెను. గ్లైకేనియా అను ఒక సుకుమారమైన ఫెర్ను అంతకుముందు ఇంగ్లండునకు ప్రాణముతో వచ్చియే యెఱుగదు. నాటినుండి లోడిజెస్ వందలకొలది పెట్టెలను వాడెను. అతని లెక్క తలక్రిందులయ్యెను: ఇరువదింటిలో పందొమ్మిది బ్రతికెను.

ఇంతటి యుపాయము కనుగొన్నవాడు పేటెంటు హక్కు తీసికొని ధనవంతుడు కావచ్చును. వార్డు ఆ పని చేయలేదు. 1836లో వృక్షశాస్త్రజ్ఞుడైన విలియం హుకరుకు వ్రాసిన లేఖ ద్వారమున దానిని ప్రకటించి, 1842లో ఒక గ్రంథమును వెలువరించెను. స్కాట్లండులో మాకనాకీ అను నాతడు కొన్నేండ్లు ముందుగనే యిట్టి పెట్టెను చేసియుండెను గాని, ప్రకటింపక యూరకుండెను. అందుచే పెట్టెకు వార్డు పేరే నిలిచెను.

ఆ గ్రంథములో నాకు మిక్కిలి నచ్చిన భాగము ఓడలను గూర్చినది కాదు. ఇరుకు పేటలలో, వెలుతురు చొరని గదులలో నివసించు పేదలకు ఈ పెట్టెలు ఏ విధముగా ఉపకరించునో ఆయన ఒక ప్రకరణమంతయు వ్రాసెను. పొగలో మొక్క చచ్చుటను చూచినవాడు, అదే పొగలో పెరుగు బిడ్డలను మరువలేదు. అప్పటికి గాజుపై ప్రభుత్వము పన్ను వేయుచుండెను. 1845లో ఆ పన్ను రద్దయి, గాజు చౌకయ్యెను. అయినను పెట్టెలు మొదట పేదల యిండ్లకంటె ధనికుల చావళ్లకే ఎక్కువగా చేరినవి. దేవాలయ గోపురములవలె, రాజభవనములవలె చెక్కిన పెట్టెలలో ఫెర్నులు పెంచుట ఆనాటి ఇంగ్లండులో ఒక వెఱ్ఱిగా వ్యాపించెను. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున, పదునెనిమిదేండ్లుగా నీరు పోయని సీసానొకదానిని వార్డు ప్రదర్శించెను.

ఇప్పుడు నగరములలో పుట్టినరోజులకును, గృహప్రవేశములకును కానుకగా ఇచ్చు టెర్రేరియమను గాజుపాత్ర ఆ సీసా సంతతియే. పూలగుత్తి మూడునాళ్లలో వాడును. ఇది ఏండ్లతరబడి యుండును. కొని యిచ్చుటకంటె చేసి యిచ్చుట మేలు. వెడల్పు మూతి సీసా అడుగున గులకరాళ్లు, వానిపై కొంచెము బొగ్గుపొడి, ఆపైన తడిమన్ను వేయుడు. వానకాలమున గోడలపై మొలచు నాచును, నీడను పెరుగు చిన్న ఫెర్నును నాటి, నీరు చిలకరించి మూత పెట్టుడు. వెలుతురుండవలెను గాని ఎండ నేరుగా తగులరాదు. తగిలినచో లోన మొక్క ఉడికిపోవును. గాజు ఎప్పుడును మసకబారియే యున్నచో కొన్ని గంటలు మూత తీసియుంచుడు. కలబంద, బ్రహ్మజెముడు మొదలైనవి తేమకు కుళ్లును గాన వానిని నాటకుడు. కానుక పుచ్చుకొన్నవారికి ముఖ్యముగా చెప్పవలసినది, దినమును నీరు పోయవద్దని.

వార్డు జీవించియుండగనే ఆయన పెట్టెలు లోకమును చుట్టివచ్చెను. రాబర్టు ఫార్చూన్ అనునతడు చైనానుండి వేలకొలది తేయాకు మొక్కలను వీనిలో మన హిమాలయ ప్రాంతములకు చేర్చెను. చలిజ్వరమునకు మందగు క్వయినా నిచ్చు సింకోనా చెట్టును దక్షిణ అమెరికానుండి తెచ్చుటకై పూనుకొన్నప్పుడు మొదటి మొక్కలు మార్గములోని వేడికి చాలవఱకు నశించెను. పెట్టె యుండినంతమాత్రమున సర్వము సిద్ధించదు. రెండవ విడతవి 1861లో నీలగిరులపై ఉదకమండలమునకు ప్రాణముతో చేరెను. ఈ ప్రయాణములన్నియు పుణ్యకార్యములని చెప్పజాలము. ఆయా దేశముల ప్రజల చేతిలోనున్న పంటలను పాలకులు తమ లాభమునకై తరలించుకొనిరి. మంటితోపాటు పురుగులును, తెగుళ్లును గూడ దేశాంతరములకు పోయెను. సీసాలో పురుగును చూడబోయిన వార్డు, పెట్టెలోని పురుగును గూర్చి అంతగా తలచినట్లు లేదు.

ముదిమిలో ఆయన పొగపేటను విడిచి క్లాపములో తోటగల యింట నివసించెను. వైద్యులును, శాస్త్రజ్ఞులును, మొక్కల నిష్టపడువారును ఆ యింటికి వచ్చి పోవుచుండిరి. ఎండబెట్టి దాచిన మొక్కలు ఆయన వద్ద ఇరువదియైదు వేలవరకు నుండెను. 1852లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1868 జూను 4వ తేదీన సముద్రతీరమునగల సెయింట్ లెనార్డ్స్ అను ఊరిలో మరణించెను. ఆయన సమాధి లండనులోని నార్‌వుడ్ శ్మశానమున కలదు.

ఎనిమిదేండ్లకు, 1876లో, క్యూ ఉద్యానమునుండి సుమారు 1,900 రబ్బరు మొక్కలు 38 వార్డు పెట్టెలలో సింహళమునకు ప్రయాణమయ్యెను. విమానములును, పాలిథీను సంచులును వచ్చిన పిదప గాని ఆ పెట్టెలకు విశ్రాంతి కలుగలేదు. క్యూ ఉద్యానమువారు వానిని 1962 వఱకు వాడుచుండిరి.