ఆదివారం మైదానంలో ఎరిక్ లిడెల్

1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హీట్స్ ఆదివారం వచ్చాయని ఎరిక్ లిడెల్ ఆ పరుగునే వదులుకున్నాడు. 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. 1925లో మిషనరీగా చైనా వెళ్లాడు. 1943లో జపాన్ సైన్యం ఆయన్ను వైషియన్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. తల్లిదండ్రులకు దూరమైన పిల్లలెందరో అక్కడున్నారు. వారికి పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. ఆదివారం మాత్రం మైదానానికి వెళ్లేవాడు కాదు. ఓ ఆదివారం రిఫరీ లేక పిల్లల హాకీ కొట్లాటగా మారింది. మరుసటి ఆదివారం ఆయనే రిఫరీగా నిలబడ్డాడు. పతకం కోసం సడలించని నియమాన్ని పిల్లల కోసం సడలించాడు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేసిన ప్రభువునే ఆయన వెంబడించాడు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. మన పిల్లలు గెలవాలని మనం గట్టు మీద నుంచి కేకలేస్తాం. వాళ్లు దెబ్బలాడుకోకుండా, భయపడకుండా ఆడుకునేలా మైదానంలోకి దిగుతున్నామా?