మూర్ఛకు ఆహారాన్నే ఔషధంగా మలిచిన వైద్యుడు రస్సెల్ వైల్డర్

బరువు తగ్గే ఉపాయంగా నేడు విరివిగా వినిపిస్తున్న కీటోజెనిక్ ఆహారం నిజానికి మూర్ఛ రోగుల చికిత్స కోసం రూపొందినది. 1921లో దానిని ప్రతిపాదించి, ఆ పేరు పెట్టినవారు అమెరికా వైద్యుడు రస్సెల్ మోర్స్ వైల్డర్. ఏటా నవంబర్ 17న జాతీయ మూర్ఛ దినం పాటించే మన దేశంలోనూ ఆయన జీవితం స్మరించుకోదగినది.

వైల్డర్ 1885లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో జన్మించారు. షికాగోలో వైద్యవిద్య అభ్యసించారు. యువకుడిగా ఉన్నప్పుడే హోవర్డ్ రికెట్స్‌కు సహాయకుడిగా మెక్సికో నగరంలో టైఫస్ జ్వరంపై పరిశోధించారు. 1910లో అదే వ్యాధి సోకి రికెట్స్ అక్కడే కన్నుమూశారు. అనంతరం వైల్డర్ షికాగోలో రోలిన్ వుడ్యాట్‌తో కలిసి శరీరం చక్కెరను వినియోగించుకునే తీరును అధ్యయనం చేశారు. 1919లో మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లోని మేయో క్లినిక్‌లో చేరి, మధుమేహ వైద్యంలో పేరు గడించారు.

ఆ రోజుల్లో మూర్ఛకు బ్రోమైడ్, ఫెనోబార్బిటాల్ తప్ప చెప్పుకోదగిన మందులు లేవు. కొన్నాళ్లు ఉపవాసం ఉంటే మూర్ఛలు తగ్గుతున్నట్లు అమెరికా వైద్యులు గమనించారు. అయితే ఎదిగే బిడ్డను ఎంతకాలం పస్తులుంచగలరు? తిండి మొదలుపెట్టగానే మూర్ఛలు తిరిగి వచ్చేవి. ఉపవాసంలో శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేస్తుంది. పిండి పదార్థాలను బాగా తగ్గించి, కొవ్వును పెంచిన భోజనంతోనూ ఇదే స్థితి కలుగుతుందని వుడ్యాట్ గుర్తించారు. ఈ రెండు విషయాలను కలిపి, పస్తులు లేకుండానే ఉపవాస ఫలితాన్ని పొందవచ్చని వైల్డర్ ప్రతిపాదించారు.

మేయో క్లినిక్‌లోనే పనిచేసిన పిల్లల వైద్యుడు మైనీ పీటర్‌మన్ దానికి లెక్కలు కట్టారు. బిడ్డ బరువులో ప్రతి కిలోకు 1 గ్రాము మాంసకృత్తులు, రోజుకు 10 నుంచి 15 గ్రాముల పిండి పదార్థాలు, మిగిలిన శక్తి అంతా కొవ్వు నుంచి అందాలన్నది ఆ సూత్రం. మెదడుకు సాధారణంగా గ్లూకోజే ఇంధనం. ఈ ఆహారంతో అది కీటోన్లను వాడుకోవడం మొదలుపెడుతుంది. అయితే మూర్ఛ ఎలా అదుపులోకి వస్తుందన్న దానిపై పరిశోధనలు నేటికీ సాగుతున్నాయి.

వైల్డర్ కృషి అక్కడితో ఆగలేదు. అమెరికాలో ఇన్సులిన్‌ను తొలుత ప్రయోగించిన వైద్యులలో ఆయన ఒకరు. క్లోమంలోని కణితి అధికంగా ఇన్సులిన్ స్రవించి ప్రాణాపాయం కలిగిస్తుందని 1927లో సహచరులతో కలిసి వెల్లడించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గోధుమ పిండికి విటమిన్లు, ఇనుము చేర్చాలన్న ఉద్యమానికి అండగా నిలిచారు.

1938లో ఫెనిటాయిన్ మందు రావడంతో వైద్యుల దృష్టి మాత్రల వైపు మళ్లింది. తూచి వండే భోజనం కన్నా మాత్ర మింగించడం సులువు. 1959లో వైల్డర్ మరణించే నాటికి ఆయన ప్రతిపాదించిన ఆహారం కొద్ది ఆసుపత్రులకే పరిమితమైంది. 1990వ దశకంలో అమెరికాలో తల్లిదండ్రుల చొరవతో దానికి తిరిగి ఆదరణ లభించింది. లండన్ వైద్యులు 145 మంది పిల్లలపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనం గట్టి ఆధారాన్ని అందించింది. మూడు నెలల్లో మూర్ఛలు సగానికి పైగా తగ్గినవారు ఈ ఆహారం తీసుకున్న బృందంలో 38 శాతం కాగా, తీసుకోని బృందంలో 6 శాతం మాత్రమే.

మన దేశంలోనూ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఇదే కోవకు చెందిన, కొంత సడలించిన ఆహారాన్ని పిల్లలపై పరీక్షించి మంచి ఫలితాలు చూశారు. అన్నం, ఇడ్లీ తినే ఇళ్లలో బిడ్డ కంచంలో నెయ్యి, వెన్న, గుడ్డు ప్రధానం కావడం చిన్న మార్పు కాదు. పండుగనాడు తినిపించే మిఠాయి, చక్కెర కలిసిన దగ్గు మందు కూడా చికిత్సను దెబ్బతీయవచ్చు. మూత్రపిండాల్లో రాళ్లు, మలబద్ధకం, ఎదుగుదల మందగించడం వంటి దుష్ఫలితాలూ ఉన్నాయి. కొవ్వును వినియోగించుకోలేని జన్యులోపం గల పిల్లలకు ఇది ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి నరాల వైద్యుడు, ఆహార నిపుణుల పర్యవేక్షణ లేకుండా దీనిని ప్రారంభించరాదు. వాడుతున్న మందులను సొంతంగా మానరాదు. వైల్డర్ దీనిని వైద్యుని చేతిలో ఉండవలసిన చికిత్సగానే రూపొందించారు.